గుంటల ఊళ్లో గజాల బేరం

ముప్కాల్‌లో భూమి ధర అడిగితే ముందు ఎదురుప్రశ్న వస్తుంది... 'రోడ్డు బిట్టా, లోపలి బిట్టా?' అని. రోడ్డంటే ఇక్కడ ఒక్కటే! హైదరాబాద్‌ నుంచి నాగపూర్‌ వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి. పాతవాళ్లకు ఇప్పటికీ అది సెవెన్‌ నంబర్‌ రోడ్డే. లోపలి బిట్టయితే ధర ఎకరాల్లో చెబుతారు, రోడ్డు బిట్టయితే గజాల్లో. ఒకే ఊరు, ఒకే నేల, కొలత మాత్రం వేరు.

గుంటకు 121 గజాలు. నలభై గుంటలు ఎకరం. అంటే 4,840 గజాలు. ఎవరో ప్లాటు అమ్మారని విని, ఆ గజం ధరను 4,840తో గుణించి రైతు మురిసిపోతే తప్పులో కాలేసినట్లే. రోడ్లకూ, పార్కు కోసం వదలాల్సిన జాగాకూ పోను ఎకరంలో అమ్ముకోవడానికి మిగిలేది సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. అయినా ఆ గుణకారం వేయని ఇల్లు రహదారి పక్కన ఉండదేమో!

నిజామాబాద్‌ పాతపేరు ఇందూరు. ఖిల్లా రామాలయం, దాశరథి బందీగా ఉన్న జైలు... చరిత్రంతా పట్నంలోనే ఉంది. పట్నం చుట్టూ ఇళ్ల జాగాలంటే ముందు గుర్తొచ్చేవి మాక్లూర్‌, డిచ్‌పల్లి. నాలుగు వరసల రోడ్డు పడ్డాక ఆ నీడ ఆర్మూర్‌, పెర్కిట్‌ దాటి బాల్కొండ, ముప్కాల్‌ దాకా సాగింది. 2016 అక్టోబరులో బాల్కొండ నుంచి విడదీసి ముప్కాల్‌ను మండలం చేశారు. ఆఫీసులొచ్చాయి. ఆఫీసుల వెనకే జిరాక్స్‌ దుకాణాలూ, వాటి వెనకే భూముల మధ్యవర్తులూ వస్తారు. ఎక్కడైనా అదే వరస.

బోధన్‌ వైపు కథ వేరు. 1930ల్లో మొదలై ఒకనాడు ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకున్న నిజాం షుగర్‌ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అక్కడ ఆశలన్నీ ఆ గేటు చుట్టూ తిరుగుతాయి. ముప్కాల్‌ వైపు భూమిని నిలబెట్టింది చెరకు కాదు... పసుపు, మక్క, ఎర్రజొన్న. వాటితోపాటు దుబాయ్‌, మస్కట్‌, దోహాల నుంచి వచ్చే డబ్బు. మొదటి జీతాలు వీసా అప్పుకు పోతాయి. తర్వాత ఇల్లు, ఆడపిల్ల పెళ్లి. ఆపైన మిగిలితేనే ప్లాటు. ఎండలో ఇనుము మోసి కూడబెట్టిన డబ్బు కాబట్టే దాన్ని పెట్టేచోట పొరపాటు జరిగితే తట్టుకోవడం కష్టం.

పొరపాట్లకు కొదవా లేదు. అనుమతిలేని లేఅవుట్లలో ప్లాట్ల రిజిస్ట్రేషన్‌ను 2020 ఆగస్టులో ప్రభుత్వం ఆపేసింది. వెంటనే మరో దారి తెరుచుకుంది. ప్లాటును ప్లాటుగా కాకుండా సాగుభూమిగా రెండు గుంటలు, మూడు గుంటలని రాయించేయడం! గజాల్లో బేరం, గుంటల్లో కాగితం. పాసుపుస్తకం చేతికొస్తుంది కాబట్టి కొన్నవాడికి ధీమా. ఇల్లు కట్టుకునేందుకు అనుమతి అడిగిన రోజున తెలుస్తుంది, తాను కొన్నది ఇంటి స్థలం కాదు, మడి చెక్క అని.

రెండు ధరలు

అసలు చిక్కు మరోచోట ఉంది. ప్రతి భూమికీ ఇక్కడ రెండు ధరలు. ఒకటి చేతి ధర, రెండోది కాగితం ధర. బయానా ఇచ్చి మాట ఖాయం చేసుకునేది మొదటిదాని మీద. రిజిస్ట్రేషన్‌లో రాసేది రెండోది, అంటే ప్రభుత్వం కట్టిన కనీస విలువ. ఖర్చులు ఏడున్నర శాతం కాబట్టి తక్కువ రాస్తే కొన్నవాడికి మిగులు. స్థిరాస్తి లావాదేవీలో ఇరవై వేలు, ఆపైన నగదు తీసుకోకూడదని 2015 నుంచి ఆదాయపు పన్ను చట్టం చెబుతున్నా చేతి ధరకు సంచి ఉంటూనే ఉంది.

ఫ్రాన్స్‌లో పాత నగరాల చుట్టూ ఉన్న పల్లెల్లో ఇల్లు కొనాలంటే నోటేర్‌ అనే న్యాయాధికారి దగ్గర పత్రం రాయించుకోవాల్సిందే. ఇంటి కొనుగోలుదారు సంతకం చేశాక కూడా పదిరోజుల్లోపు మనసు మార్చుకోవచ్చు, బయానా పోదు. దేశంలో చాలా భాగానికి, ఏ ఇల్లు ఎంతకు అమ్ముడైందో 2019 నుంచి ఎవరైనా ఉచితంగా చూసుకునేలా ప్రభుత్వమే వివరాలు బయటపెట్టింది. ముప్కాల్‌లో పక్క బిట్టు ధర తెలియాలంటే చాయ్‌ హోటలే దిక్కు. అక్కడ అమ్మినవాడు ఎక్కువ చెబుతాడు, కొన్నవాడు తక్కువ చెబుతాడు.

తక్కువ రాసుకుంటే పోయేదేముంది అనుకుంటారు. పోయేది ఊరిది! ఈ నేల ప్రభుత్వానికి భూమి ఇవ్వడం ఎరిగిందే. 1963లో నెహ్రూ పునాదిరాయి వేసిన పోచంపాడు ప్రాజెక్టు ఇక్కడికి దగ్గరే. జలాశయం కింద ఊళ్లకు ఊళ్లే పోయాయి. తర్వాత వరద కాలువ, దానిమీద కాళేశ్వరం నీళ్లను వెనక్కి ఎత్తిపోసేందుకు ముప్కాల్‌లోనే పంప్‌హౌస్‌ వచ్చాయి. రేపు మరో రోడ్డో కాలువో రావచ్చు. 2013 భూసేకరణ చట్టం పరిహారం లెక్క మొదలుపెట్టేది ప్రభుత్వ విలువ, గత మూడేళ్ల రిజిస్ట్రేషన్‌ పత్రాల్లోని ధరల నుంచే. ఆ రెంటిలో ఏది ఎక్కువైతే అది. పత్రాల్లోనూ కనీస విలువే ఉంటే ఎక్కువేది, తక్కువేది? నాలుగు డబ్బులు మిగుల్చుకున్నవాడి పత్రం, అమ్మనే అమ్మని పక్క రైతు పరిహారాన్ని కోసేస్తుంది.

అక్క సంతకం

దెబ్బ తగిలేది ఇంట్లోనూ. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు సమాన వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి, దేశమంతటా 2005 నుంచి చట్టంలో ఉంది. ఎకరా వేలల్లో ఉన్ననాడు ఎవరికీ గుర్తురాలేదు. రోడ్డు బిట్టుకు బేరం కుదరగానే, కొనేవాళ్ల వకీలు అడిగే మొదటి మాట 'ఆడబిడ్డల సంతకాలున్నాయా?' అని. భీంగల్‌లోనో మెట్‌పల్లిలోనో ఉన్న అక్కకు ఫోను వెళుతుంది. ధర పెరిగాక వాటా గుర్తొచ్చిందని ఆమెను నిష్ఠూరమాడేవాళ్లున్నారు. గుర్తుచేసింది ఆమె కాదు, వకీలు!

దోహాలో ఉన్న తమ్ముడి సంగతి ఇంకోరకం. రాలేకపోతే జీపీఏ రాసి, అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరణ చేయించి పంపాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు సుంకం కట్టాలి.

సాగుభూముల రిజిస్ట్రేషన్‌ 2020లో ధరణితో తహసీల్దారు దగ్గరికి వచ్చింది. 2025లో భూభారతి వచ్చినా ఆ ఏర్పాటు మారలేదు. కాబట్టి ఇప్పుడీ కథంతా ఊళ్లోని ఆఫీసు ముందే తేలుతుంది. తేలేముందు ఒక ప్రశ్న మాత్రం అక్క తప్పకుండా అడగాలి. తన వాటా ఏ ధర మీద లెక్కగట్టారు... చేతి ధర మీదా, కాగితం ధర మీదా?