మోగని వాద్యాల ముందు మూడు గంటలు

లండన్‌లో హైడ్ పార్కు పక్కన, ఎర్ర ఇటుకలతో గుండ్రంగా కట్టిన రాయల్ ఆల్బర్ట్ హాలుకు నేను వెళ్లింది సినిమా చూడ్డానికి. 1871లో తెరిచిన ఈ హాల్లో అయిదు వేల పైచిలుకు సీట్లున్నాయి. చప్పుడు గోపురానికి తగిలి మళ్లీ వినబడే జబ్బు దీనికి పుట్టుకతోనే ఉండేది. 1969లో పైకప్పుకు ఫైబర్‌గ్లాస్ పళ్లేలు వేలాడదీశాక గానీ అది తగ్గలేదు. వాటినక్కడ పుట్టగొడుగులంటారు.

ఆ సాయంత్రం ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్: ది ఫెలోషిప్ ఆఫ్ ది రింగ్’ (2001) వేశారు. సంగీత దర్శకుడు హోవర్డ్ షోర్‌కు ఆస్కార్ తెచ్చిన సినిమా. బొమ్మ, మాటలు, కత్తుల చప్పుళ్లు మామూలుగానే వస్తాయి. సంగీతం మాత్రం తీసేసి ఉంటుంది. దాన్ని తెర కింద కూర్చున్న ఆర్కెస్ట్రా, కోరస్ అప్పటికప్పుడు వాయించి పాడతారు. కండక్టర్ ముందున్న మానిటర్లోనూ అదే సినిమా నడుస్తుంటుంది. దాని మీద ఒక రంగు గీత ఈ అంచు నుంచి ఆ అంచుకు జరుగుతుంది, చివర్లో తెల్లటి చుక్క మెరుస్తుంది. ఆ మెరుపుకు సరిగ్గా దెబ్బ పడాలి. అందరూ ఒకేసారి అందుకుంటే మాట వినబడదు కాబట్టి తెర అడుగున సబ్‌టైటిళ్లు వేస్తారు.

నా సీటు పక్కగా, ఎత్తులో. తెర కాస్త వంకరగా కనిపించినా వాద్యకారులు బాగా కనిపించారు, అదే కలిసొచ్చింది. హాబిట్ల పల్లె సన్నివేశాలు సన్నటి టిన్ విజిల్, ఫిడేలు, కొన్ని తీగ వాద్యాల మీదే వెళ్లిపోతుంటే, ట్రాంబోన్ల వాళ్లు వాద్యాలు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నారు. ఇంట్లో చూసినప్పుడు సంగీతం మెల్లగా ఉందనుకుంటాం, అంతే. ఇక్కడ అంతమంది మోగకుండా ఆగి ఉన్నారని కళ్లకు కడుతుంది.

కథలో ఉంగరాన్ని నాశనం చేయడానికి బయల్దేరే తొమ్మిది మంది బృందానికి షోర్ ఒక వరస కట్టాడు. వాళ్లలో ఇద్దరు హాబిట్లు ఫ్రోడో, శామ్ ఊరు దాటేటప్పుడు అందులో ఓ ముక్క వినబడుతుంది. తొమ్మిది మందీ కూడిన తర్వాతే ఇత్తడి వాద్యాలు దాన్ని నిండుగా ఎత్తుకుంటాయి. శత్రువుల కోట ఐసెన్‌గార్డ్‌లోని కొలిమికి అయిదు దెబ్బల లెక్క. ఖండచాపు అలవాటున్న మన చెవికి ఆ లెక్క కొత్త కాదు గానీ, అక్కడ ఇనుము మీద ఇనుము పడుతుంటే మాత్రం స్థిమితంగా కూర్చోలేకపోయాను.

ఇక బృందంలోని మాంత్రికుడు గాండాల్ఫ్ వంతెన మీంచి పడిపోయాక చప్పుళ్లన్నీ వెనక్కి తగ్గి, ఒంటి గొంతు ఒకటి, దాని వెనక కోరస్ మిగులుతాయి. ఈ సినిమా కోరస్‌లో చాలాభాగం మూల నవల రాసిన టోల్కీన్ కల్పించిన భాషల్లో ఉంటుంది కాబట్టి అర్థం చేసుకుందామన్నా కుదరదు. అయినా నా వరసలో ముక్కు చీదుకోని వాళ్లు తక్కువ. గొంతు గొప్పదే. కానీ ఏడిపించింది సంగీతం అంతకు ముందు చూపిన ఓపిక అంటాను నేను. అక్కణ్నుంచి ఆ తొమ్మిది మంది వరస కూడా విరిగి విరిగి వస్తుంది. అదే మన దగ్గర చాలా సినిమాల్లో మొదటి రీలు నుంచే కోరస్, డప్పులు కలిసి దంచేస్తారు. క్లైమాక్స్‌కు వాల్యూమ్ తప్ప పెంచడానికేమీ మిగలదు.

ఇదే హాల్లో 2019 అక్టోబరు 19న ‘బాహుబలి: ది బిగినింగ్’కు కీరవాణి చేసిన సంగీతాన్ని రాయల్ ఫిల్‌హార్మోనిక్ కన్సర్ట్ ఆర్కెస్ట్రా ఇలాగే వాయించింది. కండక్టర్ లుడ్విగ్ వికీ. 2008లో స్విట్జర్లాండ్‌లోని లూసెర్న్‌లో ‘ఫెలోషిప్’ను తెర ముందు తొలిసారి నడిపించిందీ ఆయనే.

ఇదంతా జరగాలంటే సంగీతం మాటల నుంచి విడిగా ఉండాలి, ప్రతి వాద్యానికీ నొటేషన్ కాగితం మీద ఉండాలి. హాలీవుడ్‌లోని ఎంజీఎం స్టూడియో అయితే తన పాత నొటేషన్లను చెత్తలో పారబోసింది. ‘ది విజర్డ్ ఆఫ్ ఓజ్’ (1939) వంటి సినిమాల సంగీతాన్ని జాన్ విల్సన్ అనే కండక్టర్ వింటూ వింటూ మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది. మన నిర్మాతలకు, సంగీత దర్శకులకు ఒకటే విన్నపం: సినిమా విడుదల కాగానే నొటేషన్లనూ విడి ట్రాకులనూ వదిలేయకండి, జాగ్రత్త చేయండి.