మంచె మీద సఫారీ

రాత్రి పన్నెండు దాటింది. మక్కచేను మధ్యలో మంచె. మంచె మీద మా మేనమామ, పక్కనే గొంగడి కప్పుకుని నేను. ఉన్నట్టుండి చీకట్లో పులి గాండ్రించింది. నా గుండె జారినంత పనైంది. మామ మాత్రం కదల్లేదు. బీడీ ముట్టించుకుంటూ, ‘‘భయపడకు బిడ్డా, అది మన పులే!’’ అన్నాడు.

నిజంగా ‘మన పులే’ అది. చేని గట్టున వేపచెట్టుకు కట్టిన మైకులో ఉంటుంది. ఓ చిన్న చిప్పు, ఓ బ్యాటరీ. పులి గాండ్రింపు, కుక్కల అరుపు, మనిషి అదిలింపు... ఒకదాని తర్వాత ఒకటి తెల్లవార్లూ మోగుతూనే ఉంటాయి. కొన్న కొత్తలో వారం రోజులు అడవిపందులు ఆ దిక్కుకే రాలేదట. తర్వాత వాటికి సంగతి తెలిసిపోయింది.

‘‘ఇప్పుడు ఒకదిక్కు పులి ఒర్రుతుంటే ఇంకోదిక్కు పందులు కంకులు నములుతున్నయి’’ అని నవ్వాడు మామ.

సిద్దిపేట జిల్లా అక్కన్నపేట మా అమ్మ పుట్టిన ఊరు. 2016లో కొత్త జిల్లాలు వచ్చేదాకా కరీంనగర్ జిల్లాలో, హుస్నాబాద్ మండలంలో ఉండేది. ఇప్పుడు అదే మండల కేంద్రం. వినాయక చవితికి వెళ్లినప్పుడు మక్క కంకి పాలు పోసుకునే అదును. ఆ వాసనకే పందులు మందలుగా దిగుతాయి. అందుకే నెలరోజులుగా మామ పడక మంచె మీదే. చేని చుట్టూ అత్తయ్య పాత చీరలు కట్టాడు. మంగలి దుకాణం నుంచి వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లాడు. పందులు వాటన్నిటినీ దాటుకుని వస్తూనే ఉన్నాయి.

నేను ఆ రాత్రి మంచె ఎక్కింది మాత్రం చేనుకు కాపలాగా కాదు. ఆఫీసు పని నెత్తిన ఉంది. దక్షిణాఫ్రికా, నమీబియా, జింబాబ్వేల్లో జరిగే వేట సఫారీల మీద ఆదివారం సంచికకు ఏదైనా రాయమన్నారు. ఇంట్లో టీవీ మోత. మంచె మీదైతే ప్రశాంతంగా రాసుకోవచ్చనుకున్నా. ఫోన్లో ఫొటోలు చూస్తుంటే మామ తొంగిచూశాడు. తుపాకీ పట్టుకుని నవ్వుతున్న ఓ తెల్లాయన. ఆయన కాళ్ల దగ్గర చచ్చిన సింహం.

‘‘ఎంతైతదట?’’ అన్నాడు.

జంతువును బట్టి లక్షల్లో ఉంటుందని చెప్పా.

‘‘గా పైసలు ఎవలకు పోతయి?’’

నా దగ్గర జవాబు లేదు. పదేళ్ల కిందట ఇదే విషయం మీద ఓ పెద్ద వ్యాసం రాసిన మనిషిని నేను!

సెసిల్ కోసం ఏడ్చిన రోజులు

2015 జులై. జర్నలిజం డిప్లొమా చేతికొచ్చి, డెస్కులో పని నేర్చుకుంటున్న రోజులు. జింబాబ్వేలోని హ్వాంగే జాతీయ పార్కు సింహం ‘సెసిల్’ను అమెరికా దంతవైద్యుడొకరు చంపాడన్న వార్త ప్రపంచాన్ని కుదిపేసింది. మెడలో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు కట్టిన జీపీఎస్ పట్టీ ఉన్న సింహమది. పార్కు సరిహద్దు దాటి బయటికొచ్చినప్పుడు బాణంతో కొట్టారు. ఆ వేటకు ఆయన చెల్లించింది దాదాపు 50 వేల డాలర్లని వార్తలొచ్చాయి. అప్పటి లెక్కన మన 30 లక్షల రూపాయల పైమాటే.

నేనూ కన్నీళ్లు పెట్టుకునే రాశా. పాఠకుల నుంచి ఉత్తరాలొచ్చాయి. చాలా గర్వపడ్డా. ఆ తర్వాత కొద్దిరోజులకే జింబాబ్వే నుంచి అమెరికాకు చదువుకోవడానికి వెళ్లిన గుడ్‌వెల్ న్జౌ అనే విద్యార్థి న్యూయార్క్ టైమ్స్‌లో ఓ వ్యాసం రాశాడు. సింహాల భయంతో పెరిగిన ఊరు వాళ్లది. అతని బంధువు కూడా సింహం దాడిలో గాయపడ్డాడు. ఓ సింహం చస్తే లోకమంతా ఏడుస్తోంది గానీ, ఆ జంతువుల మధ్య బతికే మనుషుల గురించి ఎవరూ అడగరేమన్నది అతని బాధ. అప్పట్లో చదివి పక్కన పెట్టేశా. మంచె మీద మామ ప్రశ్నతో మళ్లీ గుర్తొచ్చింది.

సఫారీ అంటే మన ఊళ్లలో ఒకప్పుడు పెళ్లికొడుకు సూటు! అసలు మాట స్వాహిలీది. ప్రయాణమని అర్థం. అరబ్బీలోని ‘సఫర్’ నుంచి వచ్చింది. ఉర్దూ పుణ్యాన ఆ సఫర్ మనకూ తెలిసిందే. ‘బిగ్ ఫైవ్’ అని సఫారీ ప్రకటనల్లో చూస్తాం కదా... సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న. ఆ పేరు కూడా వేటగాళ్లు పెట్టిందే. కాలినడకన వెళ్లి వేటాడటానికి అన్నిటికన్నా ప్రమాదకరమైనవి ఆ అయిదూ అని.

వేట సఫారీకి వెళ్లినవాళ్లు తుపాకీ పట్టుకుని ఇష్టమొచ్చినట్టు తిరగడానికి వీల్లేదు. లైసెన్సున్న వేట గైడు వెంట ఉండాలి. అడుగుజాడలు చూసి జంతువు ఎటు పోయిందో చెప్పే స్థానికులు ముందు నడుస్తారు. రోజుకింతని ఫీజు వేరు, చంపిన జంతువుకు ధర వేరు. తోలు, తల, కొమ్ములు వేటగాడివి. వాటిని సొంత దేశానికి తీసుకెళ్లాలంటే చాలా జంతువుల విషయంలో అంతర్జాతీయ ఒప్పందం కింద అనుమతులుండాలి. పక్కా వ్యాపారం!

నెక్కొండలో దిగిన ఫొటో

ఇదంతా ఎక్కడో ఆఫ్రికా గొడవ అనుకుంటాం గానీ, అలాంటి ‘గైడెడ్’ వేట మన దగ్గరా సాగింది. 1902లో వైస్రాయ్ లార్డ్ కర్జన్, ఆయన భార్య మేరీ నిజాం రాజ్యానికి వచ్చి వేటాడింది మన వరంగల్ ప్రాంతంలోని నెక్కొండ దగ్గరే. చచ్చిన పులితో ఆ దంపతులు దిగిన ఫొటో చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. తీసింది రాజా దీన్‌దయాళ్. అప్పటి నిజాం మహబూబ్ అలీఖాన్ కూడా పులివేటలో పేరుమోసినవాడే. మెదక్ దగ్గరి పోచారం అభయారణ్యం ఒకప్పుడు నిజాం వేట అడవి.

ఆ రోజుల్లో దొర మంచె మీద కూర్చుంటే, ఊళ్లోవాళ్లు డప్పులు కొడుతూ, కేకలు పెడుతూ పులిని ఆయన ముందుకు తోలేవాళ్లు. గురి తప్పితే గాయపడ్డ పులికి ఎదురుపడేదీ వాళ్లే. ఫొటో కింద కర్జన్ పేరుంది. దీన్‌దయాళ్ పేరూ చరిత్రలో నిలిచింది. డప్పు కొట్టినవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా విదేశీయులను పులివేటకు తీసుకెళ్లే షికారు కంపెనీలు మన దేశంలో నడిచాయి. 1972లో లెక్కపెడితే దేశం మొత్తంమీద తేలిన పులులు 1,827. ఆ ఏడాదే వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మరుసటి ఏడాది ప్రాజెక్ట్ టైగర్. 2022 అంచనాల ప్రకారం పులులు సగటున 3,682. ఆ చట్టమే లేకపోతే మన పిల్లలకు పులి గొంతు మైకులో తప్ప ఎక్కడా వినపడేది కాదు. ఆ విషయంలో నాకు అప్పుడూ ఇప్పుడూ అనుమానం లేదు.

మరి ఆఫ్రికాలో? అందరిదీ ఒకే దారి కాదు. కెన్యా 1977లోనే వేటను నిషేధించింది. బోట్స్‌వానా 2014లో ఆపేసి, 2019లో మళ్లీ అనుమతించింది. అక్కడ ఏనుగులు దాదాపు లక్షా 30 వేలు. వాటితో వేగలేకపోతున్నామన్నది పల్లెల మొర. 2024లో జర్మనీ వేట ట్రోఫీల దిగుమతిని కట్టడి చేయాలని చూస్తే, అప్పటి బోట్స్‌వానా అధ్యక్షుడు మసీసీకి కోపమొచ్చింది. మీకు 20 వేల ఏనుగులు పంపిస్తాం, వాటితో కలిసి బతికి చూడండన్నాడు!

నమీబియాది ఇంకో పద్ధతి. 1996లో చట్టం మార్చి, అడవి జంతువుల మీద వచ్చే ఆదాయంలో ఊళ్లకు హక్కిచ్చారు. ఊళ్లన్నీ కలిసి ‘కన్జర్వెన్సీ’గా ఏర్పడతాయి. 1998లో నాలుగుతో మొదలై ఇప్పుడు 80 దాటాయి. ఏ జంతువును ఎన్ని వేటాడవచ్చో ప్రభుత్వం నిర్ణయిస్తుంది. వేటగాడు కట్టే డబ్బులో వాటా కన్జర్వెన్సీకి, మాంసం ఊరివాళ్లకు. ఆ సొమ్ముతో కాపలాదారులకు జీతాలిస్తారు. పశువులను పోగొట్టుకున్నవాళ్లకు ఎంతోకొంత సాయం చేస్తారు. 2014లో అమెరికాలో జరిగిన వేలంలో నమీబియాలోని ఓ ముసలి నల్ల ఖడ్గమృగాన్ని వేటాడే అనుమతి మూడున్నర లక్షల డాలర్లు పలికింది. మన లెక్కలో రెండు కోట్ల పైచిలుకు!

అలాగని అంతా సవ్యంగా ఉందనుకుంటే పొరపాటే. జింబాబ్వేలో 1989లో ‘క్యాంప్‌ఫైర్’ పేరుతో ఇలాంటి పథకమే పెట్టారు. డబ్బులో పెద్ద భాగం స్థానిక కౌన్సిళ్ల దగ్గరే ఆగిపోతోందన్న విమర్శలు వచ్చాయి. దక్షిణాఫ్రికాలోనైతే సింహాలను కోళ్లఫారంలో కోళ్లలా పెంచి, కంచె దాటి పోలేనిచోట వదిలి కాల్పించే దందా నడిచింది. అది వేటా? కటిక దుకాణమా?

ఇదంతా మామకు చెప్పా. ఓపిగ్గా విన్నాడు. సింహం ఏమైందని గానీ, ఖడ్గమృగం ఎలా ఉంటుందని గానీ అడగలేదు. ‘‘కూర ఊరోళ్లకే ఇస్తరా?’’ అని రెట్టించి అడిగాడు. అవునన్నా.

‘‘మరి మనకాడ?’’

మన చట్టంలోనూ ఓ వెసులుబాటుంది. పంటలకో, ప్రాణాలకో ముప్పుగా మారిన కొన్ని జంతువులను అధికారుల అనుమతితో కాల్చవచ్చు. తెలంగాణలో అడవిపందుల విషయంలో అలాంటి అనుమతులు ఇచ్చారు కూడా. కాకపోతే చంపిన జంతువు ప్రభుత్వ ఆస్తి. ముట్టుకుంటే కేసే.

మామ కాసేపు మాట్లాడలేదు. ‘‘అంటే బతికున్నన్ని రోజులు నా చేన్ల తింటది. సచ్చినంక సర్కారుదైతది. అంతేనా బిడ్డా?’’ అన్నాడు.

మంచె కింద వైరు చుట్ట

తెల్లవారుజామున మంచె దిగుతుంటే టార్చి వెలుగులో కనిపించింది... నిచ్చెన పక్కన, యూరియా సంచి కింద సగం దాచిన ఇనుప వైరు చుట్ట. అదెందుకో చెప్పక్కర్లేదు. చేని చుట్టూ బెత్తెడెత్తున కట్టి, మోటారు దగ్గరి కరెంటు తగిలిస్తారు. పంది తగిలితే చస్తుంది. మనిషి తగిలినా అంతే. మా డెస్కుకు ఆ వార్తలు ఏటా వస్తూనే ఉంటాయి. నాలుగు లైన్లలో సర్దేసి లోపలి పేజీలో వేస్తాం.

‘‘మామా, ఇదేంది?’’

మామ ముఖం తిప్పుకున్నాడు. రెండేళ్ల కిందట పక్క ఊళ్లో గొర్ల కాపరి ఒకాయన ఇలాంటి తీగకే తగిలి పోయాడు. చావుకు మామ కూడా వెళ్లొచ్చాడు. చేను యజమాని జైలుకెళ్లాడు. రెండిళ్లూ కూలిపోయాయి. అదంతా నాకు చెప్పింది మామే.

‘‘కొన్న గని కట్టలే. పోయినసారి అద్దెకరం మొత్తం దున్నినట్టే చేసినయి. నష్టపరిహారమని ఒక ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగిన. ఫొటో కావాలన్నరు, ఇంకో కాయితం కావాలన్నరు. బస్సు కిరాయిలే మిగిలినయి. గా కోపంల కొన్న’’ అన్నాడు నేలచూపులు చూస్తూ.

పదేళ్ల కిందట సెసిల్ వ్యాసంలో వేటగాడిని రాక్షసుడన్నాను. సరదా కోసం సింహాన్ని చంపడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆ ఫొటోలోని నవ్వును ఇప్పటికీ చూడలేను. కానీ నా ముందున్న మామ రాక్షసుడు కాదు. వినాయకుడి కింద ఎలుక బొమ్మకు కూడా పసుపు కుంకుమ పెట్టే మనిషి. అలాంటివాడు వైరు చుట్ట కొన్నాడంటే, అడవిని కాపాడే ఖర్చంతా ఒంటరిగా మోసి మోసి అలసిపోయాడని అర్థం. పులిని బతికించినందుకు దేశమంతా గర్వపడుతుంది. నేనూ పడతా. పందికి మేత పెట్టేది మాత్రం అడవి అంచునున్న రెండెకరాల రైతు. నమీబియా పద్ధతి మనకు సరిపడుతుందని చెప్పడం లేదు. మన చట్టం మనకుండాలి, తుపాకులు మళ్లీ రాకూడదు. అక్కడివాళ్లు అడిగిన ఒక్క ప్రశ్న మాత్రం మనమూ అడగాలి. అడవి జంతువు అందరిదీ అయినప్పుడు, అది తిన్న పంట ఒక్కడిదే ఎందుకవుతుంది? ఆ నష్టం లెక్క అదే నెలలో రైతు చేతికి ఎందుకు రాదు?

‘‘వైరు నేను తీసుకుపోతా మామా’’ అన్నా.

‘‘ఏం చేసుకుంటవు పట్నంల? బట్టలారేసుకుంటవా?’’ అని నవ్వాడు. ఇస్తాననలేదు, ఇవ్వననీ అనలేదు.

తూరుపు తెల్లబడింది. చేనుకు ఉత్తరం మూల నాలుగు సాళ్లు నేలకొరిగి ఉన్నాయి. మేం మాటల్లో ఉండగానే వచ్చి పోయాయి పందులు. మామ ఆ సాళ్ల వంక ఓసారి చూసి, వేపచెట్టు దగ్గరికి నడిచాడు. మైకు ఆపి, బ్యాటరీ విప్పి భుజాన పెట్టుకున్నాడు. ఇంటికెళ్లి చార్జింగ్ పెట్టాలి. రాత్రికి మళ్లీ పులి కావాలి కదా!

వైరు చుట్ట మంచె కిందే ఉంది. ఊరొచ్చిన ప్రతిసారీ నేను ముందు చూసేది ఇప్పుడు దాన్నే.