క్రౌన్ పళ్లు లెక్కబెట్టి బండి కొన్నాం

పోస్టు జర పెద్దది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

ఈ ఎండాకాలం మా గూడెంలో నాలుగు ఇళ్ల వాళ్లు పత్తి పైసలు కలిపి సెకండ్‌హ్యాండ్ పికప్ కొన్నారు. బండి ఎంచే పని మా మీద పెట్టారు. మేమంటే ముగ్గురం. కెరమెరి మండలం, ఒకే హాస్టల్, ఒకే రూమ్. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అందుకే పట్నంలో ఏ పని పడ్డా "పిల్లగాండ్లు ఆడనే ఉన్నరు కదా" అంటారు. దవాఖాన చీటీ చదివి చెప్పడం నుంచి బండి బేరం దాకా అన్నీ మావే.

పాత బండి కొనేవాళ్లు రేటు అడుగుతారు, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అడుగుతారు, టైర్లు తన్ని చూస్తారు. వెనక యాక్సిల్‌లో ఏ క్రౌన్ ఉందని అడిగినవాళ్లను మేం చూడలేదు. మా ఎంపిక మాత్రం మొత్తం దాని మీదే తిరిగింది.

సంగతి ఇది. ఇంజన్ బలం గేర్‌బాక్స్ దాటి, బండి కింద పొడుగ్గా ఉండే షాఫ్ట్ మీదుగా వెనక్కి వస్తుంది. వెనక యాక్సిల్ నడుమ ఉబ్బిన డబ్బా లాంటిది ఉంటుంది చూడండి, దాన్ని మెకానిక్కులు హౌసింగ్ అంటారు. దాని లోపల షాఫ్ట్ కొసకు చిన్న పళ్ల చక్రం, అది పినియన్. అది తిప్పే పెద్ద చక్రం క్రౌన్. క్రౌన్‌కు 41 పళ్లు, పినియన్‌కు 10 ఉంటే షాఫ్ట్ 4.1 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. పినియన్‌కు 8 పళ్లే ఉంటే 5.125 చుట్లు తిరగాలి. గేరు సైకిల్ తొక్కినవాళ్లకు ఇది కాళ్లకే తెలుసు. వెనక పెద్ద చక్రం మీద గొలుసు పడితే ఎత్తు తేలిగ్గా ఎక్కుతాం, కానీ కాళ్లు తెగ ఆడించాలి.

చాంద్రాయణగుట్ట వైపు యార్డుల్లో రెండు ఆదివారాలు తిరిగితే చివరికి రెండు బండ్లు మిగిలాయి. కంపెనీ ఒకటే, మోడల్ ఒకటే, పైనుంచి చూస్తే కవలలు. ఒకటి పట్నంలోనే నీళ్ల క్యాన్లు వేసుకుంటూ తిరిగింది, రంగు మెరుస్తోంది. రెండోది తాండూరు బండలు మోసింది, డాలా అంతా సొట్టలు. అమ్మేటాయన మొదటిదాన్నే చూపించాడు. "ఇది మైలేజ్ బండి. అది డీజిల్ తాగుతది, మీకెందుకు" అన్నాడు. రెండింటి మధ్య 15 వేలు తేడా. తక్కువ ధర సొట్టల బండికే.

మేం చదివేది సిటీ కాలేజీలో. నయాపూల్ దాటితే అఫ్జల్‌గంజ్. అక్కడ షెడ్డులో పనిచేసే ఒక పెద్ద ఉస్తాద్‌ను బతిమాలి, 500 ఇస్తామని చెప్పి తోలుకుపోయాం. ఆయన బానెట్ తెరవనేలేదు. చాక్‌పీసు అడిగాడు.

ఆయన చేసింది మీరూ చేయొచ్చు. బండి చదును నేల మీద ఉండాలి. ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టాలి. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వదలాలి. వెనక ఒక్క చక్రమే జాకీతో లేపాలి, రెండోది నేల మీదే ఆని ఉండాలి. లేపిన వైపు యాక్సిల్ కింద గట్టి స్టాండ్ పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరొద్దు. టైరు మీద ఒక గీత, షాఫ్ట్ మీద ఒక గీత. ఒకరు లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పాలి, ఇంకొకరు షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. రెండు చుట్లే ఎందుకంటే, ఒక చక్రం కదలకుండా ఉన్నప్పుడు రెండోది రెండు చుట్లు తిరిగితే లోపల క్రౌన్ ఒక్క చుట్టే తిరుగుతుంది. డిఫరెన్షియల్ పని అదే.

క్యాన్ల బండికి నాలుగు చుట్లు దాటి కొంచెం వచ్చింది. బండల బండికి ఐదు దాటి కొంచెం. ఉస్తాద్ లేచి చేతులు తుడుచుకుంటూ "దస్ కా, ఆఠ్ కా" అన్నాడు. అంటే ఒకదానికి పది పళ్ల పినియన్, ఇంకోదానికి ఎనిమిది. బండలు మోసిన మనిషి జోడీ మార్పించుకున్నాడన్నమాట.

అది ఇంకో విధంగా కూడా తేలింది. ఈ బండ్లలో స్పీడు మీటరు గేర్‌బాక్స్ వెనక నుంచే తిరుగుతుంది, వెనక క్రౌన్ మారిన సంగతి దానికి తెలియదు. బండ్లగూడ రోడ్డు మీద నడిపి చూస్తే మీటరు 50 చూపిస్తోంది, మా ఫోన్‌లో జీపీఎస్ 40. 5.125ను 4.1తో భాగిస్తే సరిగ్గా 1.25. ఇంటర్ ఫిజిక్స్ మా జన్మలో మొదటిసారి పనికొచ్చింది. అంతేకాదు, జోడీ మార్చినప్పటి నుంచి ఆ బండి కిలోమీటర్ల మీటరు కూడా పాతిక శాతం ఎక్కువే తిరిగింది. అమ్మేటాయన ఎక్కువ తిరిగిన బండి అని ధర తగ్గించి చెప్పాడు. మేం నోరు మూసుకున్నాం.

ఆ రాత్రి ఫోన్‌లో పంచాయితీ. టాప్ గేరు ఒకటికి ఒకటి, చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లు అనుకుని లెక్క వేశాం. 60 స్పీడులో 4.1 బండి ఇంజన్ నిమిషానికి దాదాపు 1,950 చుట్లు, 5.125 బండి ఇంజన్ 2,440 చుట్లు తిరుగుతుంది. 80లో పోతే 3,250 దాటుతుంది. మోత, డీజిల్, అరుగుదల అన్నీ ఎక్కువే. మా అన్నల ఆలోచన వేరే ఉంది: పత్తి సీజన్ అయ్యాక కూరగాయల లోడ్లు పట్నం తెచ్చి నాలుగు పైసలు చూద్దామని. 44వ నంబరు జాతీయ రహదారి మీద వందల కిలోమీటర్లు తిరగాలంటే క్యాన్ల బండే మంచిది, అందులో వాళ్ల తప్పేం లేదు. కాకా మాత్రం "గూడెం కోసం కొంటున్నమా, రోడ్డు కోసం కొంటున్నమా" అని పట్టుబట్టాడు. బండి తోలేది ఆయనే.

తెల్లారి మళ్లీ షెడ్డుకు పోయి అడిగితే ఉస్తాద్ ఒకటే ప్రశ్న వేశాడు: "మాల్ ఉప్పర్ జాతా, నీచే ఆతా?" సరుకు పైకి పోతదా, కిందికి వస్తదా?

మా గూడెం గుట్ట మీద ఉంది. పత్తి కిందికి దిగుతుంది. ఎరువులు, సిమెంటు పైకి ఎక్కుతాయి. ఎక్కడం గురించే అందరూ ఆలోచిస్తారు, మేమూ దాని గురించే మాట్లాడుకుంటున్నాం. అదే గేరులో చక్రానికి పాతిక శాతం ఎక్కువ బలం అందుతుంది, క్లచ్ కాలదు, మలుపులో ఆగి మళ్లీ కదలొచ్చు. కానీ దిగేటప్పుడు కూడా అదే లెక్క తిరగబడి పనిచేస్తుంది. యాక్సిలరేటర్ వదిలితే ఇంజనే బండిని వెనక్కి పట్టుకుంటుంది. క్రౌన్ నిష్పత్తి ఎంత పెద్దదైతే అంత గట్టిగా పడుతుంది. ఆ పట్టు చాలకపోతే ఘాట్ అంతా బ్రేకు మీదే కాలు. డ్రమ్ములు వేడెక్కి, కాలిన వాసన వచ్చి, పెడల్ తొక్కినా బండి ఆగని సమయం వస్తుంది. 4.1 బండిలో ఫస్ట్ గేరులో దిగొచ్చు కదా అని అన్నలు అన్నారు. దిగొచ్చు. కానీ ఫస్ట్‌లో నత్తలా దిగే డ్రైవర్ ఎంతమంది? సెకండ్ వేస్తారు, తర్వాత థర్డ్, కొందరైతే డీజిల్ మిగులుతుందని న్యూట్రల్. ఐదు చుట్ల బండిలో సెకండ్ గేరే సరిపోతుంది. ఈ మాట ఫోన్‌లో చెప్పాక అన్నలు చాలాసేపు ఏం మాట్లాడలేదు.

ఇది ఇవాళ్టి గొడవ కూడా కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపుకు 4.88 ఉండేది. 1945లో అదే కంపెనీ రైతుల కోసం సీజే-2ఏ జీపు తీసినప్పుడు 5.38 పెట్టింది, 43 పళ్లకు 8. మహీంద్రా మన దేశంలో బండ్ల తయారీ మొదలుపెట్టింది విల్లీస్ జీపులు బిగించడంతోనే. ఇరవై మందిని వేలాడేసుకుని మన ఘాట్లు ఎక్కిన జీపులకు తాత ఆ జీపే.

బండల బండే తీసుకున్నాం. బేరం అయ్యేలోపు ఇంకొన్ని చూశాం. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు, వదిలినప్పుడు వెనక నుంచి కూత వినిపిస్తే జోడీ అరిగినట్టు, లేదా బిగింపు సరిగా లేనట్టు. మాది వదిలినప్పుడు కొంచెం కూసింది. హౌసింగ్ నుంచి ఆయిల్ దించి చూస్తే రవ్వలు లేవు, బూడిద రంగు సన్న పొడే ఉంది. పాత ఆయిల్ తీసేసి 90 నంబరు గేర్ ఆయిల్ పోయించాం. ఎప్పుడైనా మార్చాల్సి వస్తే క్రౌన్, పినియన్ రెండూ ఒకే జోడీగా కొనాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది కలిపితే నెలలు కూడా నిలవదని ఉస్తాద్ గట్టిగా చెప్పాడు. పెద్ద టైర్లు కూడా వేయొద్దన్నాడు. పది శాతం ఎత్తు పెరిగితే మా 5.125 కాస్తా 4.66 లాగా పనిచేస్తుంది. సోకు కోసం పెద్ద టైర్లు వేసి, ఎత్తు ఎక్కట్లేదని ఇంజన్‌ను తిట్టేవాళ్లు ఇందుకే.

కాగితాల గురించి అందరికీ తెలిసిందే: ఫారం 29, ఫారం 30, ఫైనాన్స్ ఉంటే ఫారం 35. ఆర్‌సీలోని ఛాసిస్ నంబరును బండి మీద నంబరుతో మీ కళ్లతో మీరే పోల్చుకోండి.

బండి ఇప్పుడు గూడెంలో ఉంది. రోడ్డెక్కి 60 దాటితే క్యాబిన్‌లో పక్క మనిషి మాట వినపడదని కాకా ఫోన్ చేసి మమ్మల్ని తిడుతూనే ఉన్నాడు. అన్నలు కూరగాయల లోడ్ల మాట ఇంకా వదల్లేదు, అందుకోసం వేరే బండి కొనాలట. గ్రూపులో ఎవరైనా పికప్ చూడ్డానికి పాతబస్తీ వస్తే ముందురోజు ఇక్కడే మెసేజ్ పెట్టండి. ఆదివారాలు మేం ఖాళీ. చాక్‌పీసు మేమే తెస్తాం.