ఏ కంపెనీ బాబూ?

'ఏ కంపెనీల చేస్తవ్ బాబూ?'

కొత్తగూడలో అద్దె ఇల్లు వెతుక్కుంటూ వెళ్లినవాళ్లెవరికైనా ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే. పేరూ ఊరూ ఆ తర్వాతే! 2014లో నేనూ, నా మిత్రుడూ కలిసి ఓ మేడమీది పెంట్‌హౌస్ గది చూడ్డానికి వెళ్లినప్పుడు ఓనరుగారు కూడా అదే అడిగారు. పత్రికలో పనిచేస్తానని చెప్పాను. పర్లేదన్నట్టు తలూపి మావాడివైపు తిరిగారు.

'నాటకాల కంపెనీ అంకుల్' అన్నాడు వాడు.

'అంటే... సీరియల్లల్ల చేస్తవా?'

'కాదండీ, స్టేజి నాటకాలు. లైటింగ్ చేస్తాను, మేకప్ చేస్తాను, వేషం ఇస్తే వేస్తాను.'

ఆయన కాసేపు ఆలోచించి 'అది సరే... మరి పనేం చేస్తవ్?' అన్నారు.

గది దొరికింది. అడ్వాన్సు రసీదు మాత్రం నా పేరు మీద రాశారు. మెట్లు దిగుతూ ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. ఆ ప్రశ్న వాణ్ని అంత త్వరగా వదిలిపెట్టదని అప్పుడు నాకు తెలియదు.

అయినా ఓనరుగారిని అనుకుని ఏం లాభం? మన భాషే అలా ఉంది. పిల్లాడు అన్నం తినకుండా మారాం చేస్తే 'నాటకాలాడకు' అంటాం. అప్పు తీసుకున్నవాడు తప్పించుకు తిరుగుతుంటే 'ఏంటీ నాటకాలు' అంటాం. నిజంగా నాటకాలాడి బతికేవాడికి ఇక మిగిలిన గౌరవమెంత!

వారానికో వేషం

మావాడిది తెనాలి. వాళ్ల నాన్న పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. ఆ పెట్టె ఇప్పటికీ వాడి గదిలో మంచం కింద ఉంటుంది. నేను డిప్లొమా పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కుంటూ, వాడు నాటకం వెతుక్కుంటూ ఒకేసారి హైదరాబాద్ వచ్చాం. కాలేజీలో ఇద్దరం కలిసే స్టేజి ఎక్కాం. నిజం చెప్పొద్దూ, చప్పట్లు నాకే ఎక్కువ పడేవి. కానీ నెల తిరిగేసరికి చేతికందే జీతం ముందు ఆ చప్పట్లు చిన్నబోయాయి. వాడికి బోలేదు, అంతే తేడా.

వాడి క్యాలెండర్ వేరు. డిసెంబరు, జనవరి నెలల్లో ఊపిరి సలపదు. ఐటీ కంపెనీల వార్షికోత్సవాలు, స్కూళ్ల ఫంక్షన్లు. టీమ్ లీడర్లకు స్కిట్ నేర్పాలి, రాత్రికి రాత్రి మీసాలు అంటించాలి. వేసవిలో అపార్ట్‌మెంట్ల పిల్లలకు నటనలో శిక్షణ. వానలు మొదలయ్యాయంటే ఫోన్ మోగదు. నడుమ ఎవరో పిలిస్తే ఉద్యోగులకు శిక్షణ క్లాసులో కోపిష్టి కస్టమర్ వేషం కట్టాలి. 'రోజంతా నన్ను శాంతింపజేస్తారు రా, అదే నా డ్యూటీ' అని నవ్వుతాడు.

డబ్బులా? ఓ కంపెనీ కార్యక్రమం రోజున పూలబొకే ఇస్తుంది. పైకం మూడు నెలలకు వస్తుంది, అదీ పది శాతం టీడీఎస్ పోగా. జీతం స్లిప్పు లేదు, ఫామ్ 16 లేదు. సెకండ్ హ్యాండ్ బైకుకు లోను అడిగితే ఓ బ్యాంకువాళ్లు మర్యాదగా టీ ఇచ్చి పంపించారు.

ఇన్ని వేషాలూ ఎందుకంటే, ఏడాదికి రెండో మూడో 'అసలు' నాటకాల కోసం. ఆరు వారాలు రిహార్సల్స్, ఒక్క సాయంత్రం ప్రదర్శన. హాలు అద్దె, లైట్లు, మైకులు, సెట్టు మోసుకొచ్చే ట్రాలీ ఆటో, అందరికీ టిఫిన్లు... అన్నీ పోను కిందటిసారి వాడి వాటాకు మిగిలింది మూడు వేల ఎనిమిది వందలు. ఆ రాత్రి మాత్రం వాడి మొహం చూడాలి! పెళ్లికొడుకు కూడా అంత వెలగడు.

ఒక రాత్రి కృష్ణుడు

'ఫ్రీలాన్సర్ అని ఇప్పుడంటున్నారు గానీ, మా నాన్న అదే కదా' అంటాడు వాడు. నిజమే. పద్యనాటకాల రోజుల్లో కాంట్రాక్టరు ఊళ్లో నాటకం ఒప్పుకొని నటుల్ని పోగుచేసేవాడు. కృష్ణుడు ఒక ఊరి నుంచి, అర్జునుడు ఇంకో ఊరి నుంచి, హార్మోనిస్టు మరో ఊరి నుంచి వచ్చి స్టేజి దగ్గరే కలుసుకునేవారు. రిహార్సలుండదు. తిరుపతి వేంకట కవుల పద్యాలు అందరికీ కంఠతా వచ్చు. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు లాంటి కృష్ణుల పద్యాలకు వన్స్‌మోర్లు కొట్టిన జనం, ఒకే నాటకంలో ఒక్కో రంగానికి ఒక్కో కృష్ణుణ్ని కూడా చూశారు. తెల్లారాక లెక్క తేల్చుకుని ఎవరి బస్సు వాళ్లెక్కేవారు. రాత్రంతా రాయబారం నడిపిన కృష్ణుడు పొద్దున్నే బస్సులో కిటికీ పక్క సీటు కోసం తగవు పడేవాడన్నమాట!

కొందరు తెలివిగా చేతిలో మరో పని ఉంచుకున్నారు. మహానటుడు బళ్లారి రాఘవ వృత్తిరీత్యా న్యాయవాది. పగలు కోర్టు, రాత్రి రంగస్థలం. సురభివాళ్లది మరో దారి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఆ సమాజంలో వేషం వేసేవారూ, తెర లాగేవారూ, వంట చేసేవారూ అంతా ఒకే కుటుంబం. కష్టమైనా కలోగంజైనా పదిమంది కలిసి పంచుకునేవారు. కొత్తగూడకు అట్టే దూరం లేని లింగంపల్లి దగ్గరే సురభి కాలనీ ఉంది. సురభి బాబ్జీగా అందరూ ఎరిగిన రేకందార్ నాగేశ్వరరావుగారికి 2013లో పద్మశ్రీ వచ్చింది.

మావాడికి రాఘవగారిలా ప్రాక్టీసు లేదు, సురభివాళ్లలా కుటుంబమూ లేదు. ఉన్నదల్లా ఆ పెంట్‌హౌస్, ఆ హార్మోనియం పెట్టె.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. హాళ్లకు తాళాలు పడ్డాయి. కంపెనీల వాళ్లంతా ఇళ్ల నుంచే పనిచేసుకున్నారు. నాటకాన్ని ఇంటి నుంచి ఎలా వేస్తారు? వాడు రెండు నెలలు చూసి, ఉన్న లైట్లలో సగం అమ్మేసి, ఆ డబ్బుతో ఫోన్ బాగుచేయించుకుని ఫుడ్ డెలివరీకి దిగాడు.

ఓ సాయంత్రం కొండాపూర్‌లోని ఓ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ప్యాకెట్ అందిస్తుంటే, తండ్రి వెనకాల నిలబడ్డ ఎనిమిదేళ్ల పిల్ల 'డాడీ, యాక్టింగ్ సార్!' అని అరిచిందట. కిందటి వేసవిలో వాడి శిక్షణకు వచ్చిన పిల్ల. మాస్కున్నా గొంతు పట్టేసింది. తండ్రి ఇబ్బందిగా కదిలాడు. పిల్లకు అవేం పట్టవు కదా! 'సార్, ఘటోత్కచుడి నవ్వు నవ్వండి' అంది.

'నవ్వావా?' అని అడిగాను.

'ఆర్డర్ వచ్చాక డెలివరీ చేయాలిగా' అన్నాడు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

రెండు పాసులు

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఇది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నాకు పెళ్లయింది. పాప పుట్టింది. అదే కొత్తగూడలో ఫ్లాటు తీసుకున్నాం. ఆఖరికి కూడలిలో ఫ్లైఓవర్ కూడా వచ్చేసింది, 2023 జనవరి 1న తెరిచారు. వాడు మాత్రం ఆ పెంట్‌హౌస్‌లోనే ఉన్నాడు. ఆ ఏడాదే రవీంద్రభారతిలో వాడి నాటకం. నేను అలవాటుగా ఫోన్ చేసి 'రెండు పాసులుంచరా' అన్నాను. అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. 'ఉంచుతాన్లే' అన్నాడు.

కౌంటర్‌లో కుర్రాడు నా పేరు చూసి టికెట్లు ఇచ్చాడు. ఒక్కోటి రెండొందలు. పాసులు కదా, ధర ఉందేమిటన్నాను. 'ఈసారి పాసుల్లేవు సార్. మీ రెండింటికీ అన్న డబ్బులు కట్టేశాడు' అన్నాడు మామూలుగా.

ఆ సాయంత్రం నాటకం సగం నాకెక్కలేదు. పాపకు పాప్‌కార్న్ కొనివ్వడానికి మల్టీప్లెక్సులో అంతకంటే ఎక్కువే పెడతాం. డాక్టరు మిత్రుణ్ని ఉచితంగా ఆపరేషన్ చేయమనం. హోటలున్న మిత్రుడి దగ్గర బిర్యానీ తిని ఊరికే లేచి రాం. నాటకం వేసే మిత్రుణ్ని మాత్రం పాసు అడుగుతాం. పైగా అడగడం వాణ్ని అభిమానించడమే అనుకుంటాం! 'మరి పనేం చేస్తవ్?' అన్న ఓనరుగారిని చూసి నవ్వుకున్న నేను, ఇన్నేళ్లూ మాటల్లో కాకుండా చేతల్లో అదే ప్రశ్న అడుగుతూ వచ్చాను.

వాడితో ఆ సంగతి ఎత్తలేదు. వాడూ ఎత్తలేదు.

మొన్న టీ తాగుతూ వాడే చెప్పాడు. ఓ శిక్షణ సంస్థ నెల జీతానికి రమ్మంటోందట. శనివారాలూ పని ఉంటుంది. అంటే రిహార్సల్స్ కుదరవు. తెనాలిలో అమ్మకు మోకాళ్ల ఆపరేషన్ చేయించాలి. 'ఏం చేయమంటావ్?' అన్నాడు. చేరమని చెప్పడానికి నోరు రాలేదు. వద్దనడానికి నాకు హక్కు లేదు. 'నాటకం అయ్యాక చూద్దాంలే' అని వాడే మాట మార్చాడు.

ఆ నాటకం వచ్చే ఆదివారమే. ఈసారి నేనే ముందుగా వెళ్లి మూడు టికెట్లు కొన్నాను. పాపకు కూడా.

'ఎవరి తాలూకు సార్?' అని అడిగాడు కౌంటర్‌లో కుర్రాడు.

'ఎవరి తాలూకూ కాదు బాబూ. నాటకం చూడ్డానికి వస్తున్నాం' అన్నాను.