కూలి ఎవరిస్తారు?

'నాకు ఆఫీసులో కోచింగ్ పెట్టారమ్మా' అని హైదరాబాద్ నుంచి కొడుకు ఫోన్‌లో చెప్పగానే కోడుమూరులో అమ్మ కంగారు పడింది. 'నలభై ఏళ్లొచ్చినాక మళ్లీ కోచింగేందిరా? ఉండే ఉద్యోగం ఏమన్నా పోయిందా?' అంది. ఆమె తప్పేం లేదు. ఆ వైపు కోచింగ్ అంటే ఇంజినీరింగ్ సీటుకో, లేదంటే నంద్యాలలో గది అద్దెకు తీసుకుని చదివే బ్యాంకు పరీక్షకో!

అతను ఓ కంపెనీలో మేనేజరు. కింద ముప్పై మంది పనిచేస్తారు. పనిలో వంక పెట్టేందుకు లేదు. పెద్ద మీటింగుల్లో మాత్రం నోరు పెగలదు. అందుకే కంపెనీవాళ్లు ఆర్నెల్లకు ఓ ఎగ్జిక్యూటివ్ కోచ్‌ని మాట్లాడారు. ఈ కోచ్ పాఠాలు చెప్పడు. ప్రశ్నలడుగుతాడు, వింటాడు. ఎక్కడ తడబడుతున్నాడో మనిషి తనంతట తానే తెలుసుకునేలా చేస్తాడు. 2014లో మైక్రోసాఫ్ట్ పగ్గాలు అందుకున్న మన సత్య నాదెళ్ల కూడా తన ముఖ్య సహచరుల కోసం మైకేల్ జెర్వైస్ అనే క్రీడా మనస్తత్వ నిపుణుణ్ని పిలిపించారు. 2017లో వచ్చిన 'హిట్ రిఫ్రెష్' పుస్తకంలో ఆ సంగతి రాసుకున్నారు.

కోచ్ నెమ్మదస్తుడు. రెండోసారి కూర్చునేసరికే ఇతను మనసు విప్పేశాడు. ఇంగ్లిష్‌లో మాట్లాడాలంటే భయం, మగ్గం మీద నాయనకు పోగు సరిగ్గా ఆనకపోవడం, అన్నీ వదిలేసి ఊరెళ్లిపోదామా అన్న ఆలోచన... భార్యకు కూడా చెప్పని మాటలవి. మూడో వారం పై అధికారి కారిడార్లో ఎదురై, 'ఊరెళ్లిపోయే ఆలోచనలో ఉన్నావట?' అన్నాడు నవ్వుతూ.

ఇతనికి నవ్వు రాలేదు. ఆ తర్వాత కోచ్ ముందు కూర్చున్నా 'బాగానే ఉంది సార్' తప్ప మరో మాట లేదు.

గుంతలోనే ఉండిపోయె...

ఆ సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నాయనతో చెప్పుకున్నాడు. మగ్గం గుంతలో కూర్చున్న పెద్దాయన అంతా విని, ఒకే ఒక్క మాట అడిగాడు.

'ఆ సారుకు కూలి ఎవరిస్తారు?'

'కంపెనీ.'

'మరి ఆ సారు నీ పని చేస్తున్నట్టా, కంపెనీ పని చేస్తున్నట్టా?'

ఇతని దగ్గర జవాబు లేదు. 'మా కాలంలో షావుకారు పిల్లోళ్లను పంపుతుండె, నేత నేర్పమని. పని యాడికొచ్చిందంటే చెప్తుంటి. వాళ్లింటి బాధలు నాతో చెప్పుకుంటే మాత్రం అవి ఈ గుంతలోనే ఉండిపోయె. ఆ మాట షావుకారుతో ముందే అనుకుంటిమి' అన్నాడు పెద్దాయన.

బోర్డు ఎవరైనా పెట్టొచ్చు!

తిరిగొచ్చాక అతను ఈ వృత్తి గురించి చదవడం మొదలుపెట్టాడు. డాక్టరుకైనా వకీలుకైనా పట్టా ఉండాలి. ఎగ్జిక్యూటివ్ కోచ్‌కి మన దేశంలో అలాంటి లైసెన్సు చట్టమేదీ లేదు. కార్డు అచ్చేయించుకుంటే చాలు! ఆ లోటు తీర్చడానికే వృత్తి సంఘాలు పుట్టాయి. అమెరికాలో 1995లో మొదలైన ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ మూడు అంచెల గుర్తింపు ఇస్తుంది. తగిన శిక్షణతో పాటు మొదటి మెట్టుకు 100 గంటలు, రెండో దానికి 500, చివరిదానికి 2,500 గంటలు కోచింగ్ చేసిన అనుభవం చూపించాలి.

ఆ సంఘం నియమావళిలో నాయన మాటే కనిపించింది. కోచింగ్ పొందే మనిషి వేరు, డబ్బు కట్టే సంస్థ వేరు. ఎవరికి ఏ సమాచారం చేరుతుందో మొదలుపెట్టక ముందే ముగ్గురూ ఒప్పుకోవాలి. చట్టం అడిగినప్పుడు, ప్రాణాపాయం ఉన్నప్పుడు లాంటి సందర్భాల్లో తప్ప గుట్టు దాటకూడదు.

ఈ నియమం ఎందుకంత ముఖ్యమో 2009లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూ 140 మంది కోచ్‌లను అడిగి వేసిన కథనం చూస్తే తెలుస్తుంది. వ్యక్తిగత సమస్యల కోసమే తమను పిలుస్తారన్నది 3 శాతం మందే. కానీ అలాంటి సమస్యల్లో సాయపడ్డామన్నది 76 శాతం! ఆఫీసు కబురుతో మొదలైన మాట ఇంటి గడప దాకా రాకుండా ఉండదు మరి.

ఇంతకీ కోచింగ్ వల్ల లాభమెంత? 1997 నాటి ఓ అధ్యయనం ప్రకారం శిక్షణతో 22 శాతం పెరిగిన ఉత్పాదకత, కోచింగ్ కూడా తోడయ్యాక 88 శాతానికి చేరింది. వినడానికి ఘనంగానే ఉంది. కానీ అందులో ఉన్నది ఒకే ప్రభుత్వ సంస్థలోని 31 మంది మేనేజర్లు. పోల్చి చూడటానికి మరో బృందం లేదు. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు 18 అధ్యయనాలను కలిపి చూసి, పనితీరుకూ మానసిక స్థైర్యానికీ కోచింగ్ మేలు చేస్తుందని తేల్చారు. ఇక 2016లో ఎరిక్ డి హాన్ బృందం 34 దేశాల్లో 1,895 జోడీలను పరిశీలించింది. ఇద్దరి స్వభావాలు కలవడం వల్ల ఒరిగేదేమీ కనిపించలేదు. ఫలితం ముడిపడి ఉన్నది ఇద్దరి మధ్య కుదిరిన అనుబంధంతోనూ, తాను చేయగలనన్న నమ్మకంతోనూ! ఆ అనుబంధమే తెగితే మిగిలేది 'బాగానే ఉంది సార్' ఒక్కటే.

అతను హెచ్ఆర్‌కి వెళ్లి వేరే కోచ్ కావాలని అడిగాడు. కొత్తాయన ముందు కూర్చోగానే మూడు ప్రశ్నలు వేశాడు. 'ఎక్కడ శిక్షణ పొందారు? ఎన్ని గంటలు చేశారు? నేను చెప్పిందాంట్లో కంపెనీకి ఏం చెబుతారు?' ఆయన నొచ్చుకోలేదు. ఓ కాగితం ముందుకు జరిపాడు. కలిసిన తేదీలు, ముగ్గురూ ఒప్పుకున్న లక్ష్యం... కంపెనీకి వెళ్లేవి ఆ రెండే. కింద హెచ్ఆర్ సంతకం కూడా ఉంది. ఇతను రెండుసార్లు చదువుకుని సంతకం పెట్టాడు.

ఆ రాత్రి అమ్మ ఫోన్. 'కోచింగ్ అయిపోయినట్టేనా?'

'లేదమ్మా, ఇప్పుడే మొదలైంది' అన్నాడు.