చక్రాలు కదలకముందే దారి తప్పింది!

ఆకాశంలో దారి తప్పిన విమానాల కథలు చాలావరకు ఆకాశంలో మొదలవ్వవు. ప్రయాణికులు ఇంకా సంచులు పైన సర్దుకుంటూ, పిల్లలు కిటికీ పక్క సీటు కోసం పోట్లాడుకుంటూ ఉండగానే.. ముందున్న కాక్‌పిట్‌లో ఎవరో ఒక అంకె తప్పు నొక్కుతారు. పక్కనున్నవాళ్లు దాన్ని చూస్తారు. చూసి ‘సరే’ అంటారు. కథంతా ఆ ‘సరే’లోనే ఉంది.

సిడ్నీలో ఉండి.. కేప్‌టౌన్ అనుకుంది!

2015 మార్చి 10. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నుంచి ఎయిర్‌ఏషియా ఎక్స్ విమానం కౌలాలంపూర్‌కు బయల్దేరబోతోంది. మామూలుగా అయితే కెప్టెన్ కిందికి దిగి విమానం చుట్టూ తిరిగి తనిఖీ చేయాలి. ఈలోగా కో-పైలట్ లోపల పరికరాలన్నీ సిద్ధం చేయాలి. ఆరోజు కెప్టెన్‌కు చెవులకు పెట్టుకునే రక్షణ సాధనం అందుబాటులో లేదు. దాంతో ఇద్దరూ పనులు మార్చుకున్నారు. చూడ్డానికి చాలా చిన్న మార్పు.

బయల్దేరేముందు విమానానికి ఓ సంగతి చెప్పాలి.. ‘నువ్విప్పుడు ఇక్కడున్నావు’ అని. అక్కడినుంచి ఎటు, ఎంత కదిలిందీ లోపలి పరికరాలు లెక్కగట్టుకుంటూ పోతాయి. మొదటి అంకె తప్పయితే తర్వాతి లెక్కలన్నీ తప్పే. విమానం నిలబడ్డచోటు 151 డిగ్రీల 9.8 నిమిషాల తూర్పు రేఖాంశం. కెప్టెన్ నొక్కింది 15 డిగ్రీల 19.8 నిమిషాలు. తేడా 11,000 కిలోమీటర్ల పైమాటే! అంటే సిడ్నీలో నిలబడి ఉన్న విమానం, తాను దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌కు దగ్గర్లో సముద్రంమీద ఉన్నాననుకుంది.

పరికరాలు ఊరుకోలేదు. తెరమీద సందేశాలొచ్చాయి, గంటలు మోగాయి. పైలట్లు పట్టించుకోలేదు. గాల్లోకి లేచి, ఆటోపైలట్ పని మొదలుపెట్టాక అసలు సంగతి బయటపడింది. విమానం ఎడమకు తిరిగి, పక్క రన్‌వేమీంచి విమానాలు పైకిలేచే దారికి అడ్డంగా వెళ్లింది. అదృష్టం.. ఆ క్షణంలో ఆ దారిలో మరో విమానం లేదు. పొరపాటు తెలిశాక గాల్లోనే సరిచేయబోతే పరికరాలు మరిన్ని మొరాయించాయి. సిడ్నీలో మబ్బులు కిందికి దిగి ఉండటంతో వెనక్కి వచ్చే వీల్లేకపోయింది. చివరికి వాతావరణం బాగున్న మెల్‌బోర్న్‌లో క్షేమంగా దిగారు.

ఆస్ట్రేలియా రవాణా భద్రత సంస్థ 2016లో ఇచ్చిన నివేదిక ఇంకో మాట కూడా చెప్పింది. ఆ విమానంలో ఆధునికీకరించిన నావిగేషన్ వ్యవస్థ ఉండి ఉంటే, ఆ తప్పు అంకె దగ్గరే కథ ఆగిపోయేది.

కనిపించని చుక్క

అంకె సరిగ్గానే రాసి ఉన్నా చదవడంలో తప్పితే? 1989 సెప్టెంబరు 3న బ్రెజిల్‌లో అదే జరిగింది. వరిగ్ సంస్థ విమానం మరబా నుంచి బెలెమ్‌కు వెళ్లాలి. గంటలోపు ప్రయాణం. కాగితంమీద దిశ ‘0270’ అని ఉంది. చివరి అంకె దశాంశం. అంటే 27 డిగ్రీలు.. ఉత్తరానికి కాస్త తూర్పుగా. కెప్టెన్ దాన్ని 270 అనుకున్నాడు. అంటే నేరుగా పడమర!

కో-పైలట్ తనవైపు పరికరంలోనూ దిశ పెట్టుకోవాలి. కాగితం చూసి పెట్టుకుని ఉంటే ఇద్దరి అంకెలకూ పొత్తు కుదిరేది కాదు, తప్పు అక్కడే దొరికేది. ఆయన కాగితం చూడలేదు. కెప్టెన్ పెట్టింది చూసి అదే పెట్టాడు.

సాయంత్రం వేళ. సరైన దారిలో వెళ్తే అస్తమించే సూర్యుడు ఎడమవైపు ఉండాలి. ఆరోజు ఎదురుగా ఉన్నాడు. బెలెమ్ రావాల్సిన సమయానికి కింద అడవే తప్ప ఊరు లేదు. ఆ తర్వాత చీకట్లో చాలాసేపు తిరిగి తిరిగి, ఇంధనం అయిపోయి, అడవిలోనే విమానాన్ని దించాల్సి వచ్చింది. అందులో 54 మంది ఉన్నారు. ఎక్కువమంది బతికారు కానీ, పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. బతికినవాళ్లు సాయంకోసం అడవిలో రెండు రోజులు ఎదురుచూశారు.

మన జేబులోకి వచ్చిన పాఠం

1983లో కొరియన్ ఎయిర్‌లైన్స్ 007 విమానానిది ఇంకా ఘోరం. అలాస్కాలోని యాంకరేజ్ నుంచి సియోల్‌కు బయల్దేరింది. నావిగేషన్ వ్యవస్థ చెప్పే దారిని అనుసరించాల్సిన ఆటోపైలట్ ఒకే దిశ పట్టుకుని పోయింది. లేచిన కొద్ది నిమిషాలకే మొదలైన చిన్న తేడా, అయిదు గంటలు దాటేసరికి వందల కిలోమీటర్లయింది. సెప్టెంబరు 1న సోవియట్ గగనతలంలోకి వెళ్లిన ఆ విమానాన్ని యుద్ధవిమానం కూల్చేసింది. 269 మందీ చనిపోయారు.

ఆ నెలలోనే అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వం, సైన్యంకోసం తయారవుతున్న జీపీఎస్‌ను పూర్తయ్యాక పౌర విమానాలకూ ఉచితంగా ఇస్తామని ప్రకటించింది. ఇవాళ కొత్త ఊళ్లో పెళ్లిమంటపం ఎక్కడో ఫోను చెబుతోందంటే, ఆ వెనుక ఈ విషాదం కూడా ఉంది.

దీపాల్లేని రన్‌వే

అన్నిసార్లూ తప్పు అంకెలదే కాదు. రన్‌వేలకు దిక్సూచి దిశను బట్టే నెంబరు పెడతారు. శంషాబాద్‌లో 09, 27 అని ఉంటాయి.. తూర్పు, పడమర అన్నమాట. 2006 ఆగస్టు 27 తెల్లవారుజామున అమెరికాలోని లెక్సింగ్టన్‌లో కామ్‌ఎయిర్ విమానాన్ని 22వ నెంబరు రన్‌వేమీంచి వెళ్లమన్నారు. దాని పొడవు 7,000 అడుగులు. పైలట్లు చీకట్లో 26 మీదికి వెళ్లారు. దాని పొడవు అందులో సగమే! పరుగు మొదలయ్యాక, దీపాల్లేకపోవడం వింతగా ఉందని కో-పైలట్ అన్నాడు. కెప్టెన్ అవునన్నాడు. విమానం ఆగలేదు. 50 మందిలో 49 మంది చనిపోయారు. బతికింది ఆ కో-పైలట్ ఒక్కడే. రన్‌వేవైపు వెళ్తున్నప్పుడు ఇద్దరూ పనికి సంబంధంలేని కబుర్లు చెప్పుకోవడమూ దర్యాప్తులో తేలింది.

చూడటం వేరు.. సరిచూడటం వేరు

వీళ్లెవరూ కొత్తవాళ్లు కారు. నిర్లక్ష్యం అని ఒక్క ముక్కలో కొట్టిపారేయడం తేలిక. కానీ రోజూ సరిగ్గా జరిగే పనిలో ఈరోజు తప్పుంటుందని మనసు అనుకోదు. పెద్దాయన పెట్టిన అంకెను ‘ఒక్కసారి చూడండి’ అనడానికి చిన్నవాళ్లకు నోరు రాదు. ఈ ఇబ్బంది విమానాలదే కాదు. ఆస్పత్రిలో, ఆఫీసులో, ఇంట్లోనూ ఉంటుంది.

అందుకే 1979లో నాసా ఏర్పాటు చేసిన సదస్సు తర్వాత విమానయాన సంస్థలు పైలట్లకు ఓ కొత్త శిక్షణ మొదలుపెట్టాయి. విమానం నడపడం గురించి కాదు.. కలిసి పనిచేయడం గురించి. అనుమానం వస్తే చిన్నవాళ్లు గట్టిగా చెప్పాలి, పెద్దవాళ్లు చిన్నబుచ్చుకోకుండా వినాలి. దాని సారం ఇదే.

బ్యాంకు ఫారంలో ఖాతా నెంబరు రెండుసార్లు అడిగేది కూడా ఇందుకే. రెండోసారి పాసుపుస్తకం చూసి రాస్తే అది సరిచూడటం. పైన రాసిందే చూసి కింద దించేస్తే, ఒక తప్పు రెండుసార్లు రాసినట్టే. మరబాలో జరిగింది అచ్చంగా అదే.

పరికరాలు ఎంత తెలివిమీరినా వాటిని నమ్మాలా, అనుమానించాలా అని తేల్చుకోవాల్సింది మనుషులే. ‘ఆగండి, ఇంకోసారి చూద్దాం’ అంటే పట్టేది అరనిమిషం. అనేవాళ్లకు కాస్త ధైర్యం కావాలి. వినేవాళ్లకు అంతకంటే ఎక్కువ ఓపిక కావాలి.