మా కోడలి సమాజశాస్త్ర పఠనము



యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ వారు జరుపు సివిల్ సర్వీసు పరీక్షకు మా కోడలు ఇంటనే యుండి చదువుచున్నది. చంటిబిడ్డ తల్లి యగుటచే ఢిల్లీకి పోయి శిక్షణ పొందుట కవకాశము లేదు. అందుకు వలయు ధనమును మాకు లేదు. నేటి నిబంధనల ననుసరించి సాధారణవర్గమువారికి వయఃపరిమితి 32 ఏండ్లు. పరీక్షకు కూర్చుండదగిన పర్యాయములు ఆరు. కావున ఏ గ్రంథమును చదువవలెను, దేనిని విడువవలెను అను విచారము మా యింట నిత్యమైనది. మావంటి కుటుంబములకు ఉపకరించునని మేము అనుసరించిన పద్ధతిని వ్రాయుచున్నాను.

2013 నుండి ప్రధానపరీక్షయందు ఐచ్ఛికవిషయ మొక్కటియే. దానికి 250 మార్కుల పత్రములు రెండు. మా కోడలు సమాజశాస్త్రమును గైకొన్నది. మొదటి పత్రమున మార్క్సు, డర్క్‌హైమ్, వెబర్ మున్నగువారి సిద్ధాంతములును, రెండవ పత్రమున భారతసమాజమును గలవు.

మొట్టమొదట పాఠ్యప్రణాళికను చేతితో వ్రాసి గోడ కంటించితిమి. పిమ్మట ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి 11, 12 తరగతుల పుస్తకములు. ఇవి అంతర్జాలమున ఉచితముగా లభించును. ఆపైన ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయపు పాఠములు. ఇవి పూర్తియైన తరువాతనే హరలంబోస్ గారి పెద్దగ్రంథమును, సిద్ధాంతకర్తలకై రిట్జర్ గారి గ్రంథమును తెఱచినది. గత సంవత్సరముల ప్రశ్నలకు ప్రతిదినమును రెండు సమాధానములు వ్రాయును. సమాధానములు తెలుగున వ్రాయుటకు అనుమతి కలదు గాని, మంచి గ్రంథములు పెక్కులు ఆంగ్లమున నుండుటచే, పారిభాషికపదములకు వేఱొక నోటుపుస్తకము పెట్టుకొన్నది.

రెండవ పత్రమునకు మన యిండ్లే సగము గ్రంథాలయము. 1953లో ఇరావతీ కార్వే గారు ప్రకటించిన బంధుత్వగ్రంథమున ఉత్తరదేశపు వివాహములకును దక్షిణదేశపు మేనరికములకును గల భేదము వివరింపబడినది. అది చదువుచు, "అత్తయ్యా! మన వంశమున మేనరికము లెన్ని?" యని యడిగినది. వ్రేళ్లు మడిచి ఏడు చెప్పితిని. ఎస్.సి. దూబే గారి 1955 నాటి గ్రంథము హైదరాబాదు చెంతనున్న శామీర్‌పేటను గూర్చినదే.

అయినను అన్నిటికంటె దుర్లభమైనది తీరుబడి. ఆన్ ఓక్లీ యను ఆంగ్లవనిత లండనులో 40 మంది గృహిణులను ప్రశ్నించి 1974లో గృహకృత్యములపై గ్రంథము వెలువరించినది. వారు ఇంటిపనికి వారమునకు సగటున 77 గంటలు వెచ్చించుచుండిరట! కోడలిది చదివి వినిపింపగా, నేనును ఒక వారము గడియారము చూచుచు ఆమె పనిని వ్రాసితిని. బిడ్డసాకుటతో గూడ 50 గంటలు దాటినవి. ఇంటి పెద్దలలో "సంసారము చేసికొను పిల్లకు ఇన్ని పుస్తకములేల?" యనుచుండినవారు ఆ కాగితము చూచి మఱి మాటాడలేదు. నాటినుండి వేకువ 4 గంటలు మొదలు 7 వఱకు బిడ్డ నాయొద్ద నుండును. కాఫీయు, ఉదయపు వంటయు మా అబ్బాయి పాలు.

ఫలితము దైవాధీనము. ఇప్పటికి రెండు పర్యాయములు గడచినవి. మీ యింటను ఇట్టి కోడలో కూతురో యున్నచో, పుస్తకము కొని యిచ్చుటతో తృప్తిపడక, దానిని చదువుటకు వలయు కాలమును గూడ కల్పింపుడు.